గొంతు తీసేసిన పాట

"పెట్టె ఉంది. క్యాసెట్టు లేదు."

అత్తగారు ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి బీరువాలో తల పెట్టి అంది. రెండోసారి మంచం మీద కుప్పపోసిన బట్టలతో అంది. ఈసారి ఖాళీ ప్లాస్టిక్ పెట్టెను అరచేతిలో పెట్టుకుని, వంటింటి గుమ్మంలోకి వచ్చి కోడలి వీపుతో అంది.

కోడలు పాలసీసా కడుగుతోంది. ఆ సీసా ఎప్పుడో శుభ్రపడింది. అయినా బ్రష్షు తిప్పుతూనే ఉంది. ఆపితే వెనక్కి తిరగాలి.

"నువ్వేమైనా తీశావా అమ్మాయ్?"

"లేదత్తయ్యా."

అది పూర్తిగా అబద్ధం కాదు. తీసింది తను కాదు. మొన్న పొద్దున భర్త బీరువా తెరుస్తుంటే, అత్తగారు స్నానాల గదిలోంచి వచ్చేస్తుందేమోనని తలుపు దగ్గర కాపలా కాసింది మాత్రం తనే.

"చిట్టి లాగేసిందేమో అత్తయ్యా."

"చిట్టికి పై అర అందుతుందా?"

"అందదనుకోండి."

"అనుకోవడమేముంది, అందదు."

అత్తగారు వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఖాళీ పెట్టె మూత తీయడం, మూయడం. తీయడం, మూయడం. టిక్కు టిక్కుమని ఆ చప్పుడు ఇల్లంతా వినపడుతోంది. కింద చాప మీద పాకుతున్న చిట్టి ఆ చప్పుడుకి నవ్వింది. అత్తగారు మనవరాలి వైపు చూడలేదు.

గట్టు మీద ఫోను వణికింది. కోడలు తడి చేత్తోనే దాన్ని పట్టుకుని బట్టలారేసే చోటికి పరుగెత్తింది.

"రికార్డింగ్ గది ఎకో ఫోన్ చేశాడు," అన్నాడు భర్త. వెనక ఎక్కడో ఇనుప తలుపులు మూసుకుంటున్న చప్పుడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. "పాటంతా వచ్చేసిందట. ఒక్కచోట మాత్రం అమ్మ గొంతు పోవట్లేదట. మూడింటికి రమ్మన్నాడు."

"మీ అమ్మ పొద్దుట్నుంచి వెతుకుతోంది."

"చెప్పకు."

"నన్నడిగింది."

"ఏం చెప్పావు?"

"నేను తీయలేదన్నాను."

"కరెక్టే కదా. సాయంత్రం ఐదు దాకా ఓర్చుకో. పెన్‌డ్రైవ్ ఆఫీసులో ఇచ్చేశాక క్యాసెట్టు తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టేస్తాను."

"ఐదు దాకా ఆవిడకెలా ఎదురుపడను?"

"ఏమైనా తిన్నావా?"

"మీకెంతసేపూ తిండి గోలే."

ఫోను పెట్టేశాక ఆమె తీగ మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

సాయంత్రం ఐదు. ఐదులోపు పాటల బృందం ఆఫీసులో ట్రాక్ ఇవ్వాలి. ఆదివారం పాడించి ఒక్కరినే తీసుకుంటారు. ఊరూరా తిరిగి పాడే ఉద్యోగం కాదు, రోజూ పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చే ఉద్యోగం. పిల్లలకు పాటలు నేర్పాలి, బృందంతో కలిసి పాడాలి. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన తనను ఎక్కడికెళ్ళినా ముందు అడిగేది ఒకటే మాట, ఎంతవరకు చదువుకున్నావని. ఆ మాట అడగని ఉద్యోగం ఇన్నేళ్ళలో ఇదొక్కటే కనపడింది. సర్టిఫికెట్ అక్కర్లేదు, గొంతు చాలన్నారు. మరొకరు విడుదల చేసిన పాట పాడకూడదన్నారు, ట్రాక్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. రాసిచ్చాక పాట మార్చడానికి వీల్లేదన్నారు.

అన్నిటికీ సరేనంది, అత్తగారి మాట నమ్మి.

చిట్టిని నిద్రపుచ్చడానికి అత్తగారు ఎప్పుడూ పాడే పాట ఒకటుంది. ఎక్కడా విననిది, ఎవరూ ఎరగనిది. మూడు వారాల క్రితం బట్టలు మడతపెడుతూ కోడలు అడిగింది, "అత్తయ్యా, ఆ పాటకి ట్రాక్ ఉందా?" అని. అత్తగారు ముఖమంతా విప్పారి, "ఎందుకు లేదూ, నా దగ్గరే ఉంది," అంది. ఆ మధ్యాహ్నమే వెళ్ళి ఫారం నింపి ఇచ్చేసింది.

క్యాసెట్టు వినడానికి ఇంట్లో మిషను లేదు. మొన్న ఎకో విని ఫోన్ చేసేదాకా, అందులో మొదట్నుంచి చివరిదాకా ఒక ఆడగొంతు ఉందని తమిద్దరికీ తెలియదు.

*

రెండు కావస్తుండగా భర్త భోజనానికి వచ్చాడు. మామూలుగా అయితే రాడు. భార్య ముఖం చూడగానే కంచం ముందు గబగబా కూర్చున్నాడు, నోట్లో ముద్ద ఉంటే ఎవరూ ఏమీ అడగరన్నట్టు.

"ఒరేయ్, నా క్యాసెట్టేది?" అంది అత్తగారు.

"ఏ క్యాసెట్టు?"

"ఈ ఇంట్లో ఉన్నదే ఒకటి."

అతను నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తి, ఖాళీ గ్లాసే మరోసారి తాగాడు.

"ఎకో దగ్గరుంది. బాగుచేయించడానికిచ్చాను."

"పాడయిందని నీతో ఎవరన్నారు? దాన్ని విని ఎన్నేళ్ళయింది నేనే."

"పాడవుతుందేమోనని, ముందుగా..."

"అత్తయ్యా," అంది కోడలు. గరిటె గిన్నెలో వదిలేసింది. "ట్రాక్ కోసం ఇచ్చాం."

అత్తగారు కొడుకును వదిలి కోడలి వైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో, అయోమయం ఉంది.

"ట్రాక్ కోసమా? అదే ట్రాక్ కదే. ట్రాక్ ఇచ్చి ట్రాక్ తెచ్చుకుంటారా?"

"అందులో మీ గొంతుంది కదా. గొంతు లేకుండా ఉత్త మ్యూజిక్ కావాలి. దాన్నే ట్రాక్ అంటారు. అది పెట్టుకుని నేను పాడాలి."

"ఎవరంటారు?"

"అందరూనూ."

"నేను పదకొండు పాటలు పాడాను," అంది అత్తగారు నెమ్మదిగా. "పదకొండింటికీ నన్ను 'ట్రాక్ పాడే అమ్మాయి' అనే పిలిచారు. ట్రాక్ అంటే నా గొంతే. మ్యూజిక్‌ని మ్యూజిక్కనే అనేవాళ్ళు."

భర్త కంచంలో వేలు తిప్పుతున్నాడు.

"మరి నేను ట్రాక్ ఉందా అనడిగితే ఉందన్నారు కదత్తయ్యా."

"ఉంది కాబట్టి ఉందన్నాను. నువ్వు విని నేర్చుకుంటావనుకున్నాను. ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. పేరున్న గాయనులు, ఆ పెద్దావిడలందరూ అలాగే నేర్చుకునేవాళ్ళు. నేను ముందురోజు పాడిపెడితే, మర్నాడు వాళ్ళు కారు దిగి, నాది విని, నా గొంతు తీసేసి ఆ చోట వాళ్ళు పాడి వెళ్ళిపోయేవాళ్ళు."

ఆ రోజుల గురించి ఆమె ఇంత ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళికి ముందు ఏవో పాటలు పాడేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ పాటలని ఎవరూ అడగలేదు.

"పది పాటల్లో నన్ను తుడిచేశారు," అంది. "ఈ పదకొండోదానికి పెద్దావిడ రాలేదు. ఒంట్లో బాగాలేదన్నారు, తర్వాత డబ్బుల్లేవన్నారు, మొత్తానికి పాటే ఆపేశారు. అక్కడ పనిచేసే ఆయన జాలిపడి క్యాసెట్టు నా చేతిలో పెట్టాడు. అందుకని నేను మిగిలాను అందులో."

కోడలికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చిట్టిని ఎత్తుకుంది.

"ఇప్పుడు తీసేయమన్నారా?" అంది అత్తగారు. అడిగినట్టు లేదు.

"తుడిచేయడం కాదమ్మా," అన్నాడు కొడుకు. "అది కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ కాపీలోంచి తీస్తాడు. నీ క్యాసెట్టు నీకు అలాగే ఉంటుంది. ఏం పోదు."

"నన్నడిగితే ఇవ్వనన్నానా?"

"అడిగితే బాధపడతావని..."

"అడక్కపోతే పడననా?"

చిట్టి తల్లి మెడలోని గొలుసు నోట్లో పెట్టుకుంది. కోడలు దాన్ని తీయడం కూడా మరిచిపోయింది.

అత్తగారు లేచి చెప్పులేసుకుంది.

"పదండి. నా క్యాసెట్టు నాకు కావాలి. ఇప్పుడే."

"అమ్మా, కనీసం తిని..."

"నువ్వు తిను. నీకు ఆకలెక్కువ."

*

బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో కూర్చున్నారు. చిట్టి నాన్నమ్మ ఒళ్ళోకి దూకబోయింది. నాన్నమ్మ ఎత్తుకుంది, కానీ కిటికీ వైపే చూసింది. కోడలు రెండుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి బస్సు హారన్ కొట్టింది. రెండోసారి మాట మింగి ఫోను చూసుకుంది. టైము రెండూ ముప్పావు. చిట్టికి రెండింటికి పాలివ్వాలి, ఇవ్వలేదు. పాలసీసా గట్టు మీదే ఉండిపోయింది. ఎంత కడిగిందో దాన్ని. తేవడమే మరిచిపోయింది.

ఎకో గది సైకిళ్ళ షాపు మీద. ఇరుకు మెట్లు, మెట్ల చివర దుప్పటి కొట్టిన తలుపు. లోపల గోడలన్నిటికీ కోడిగుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి. మధ్యలో ఒక అద్దం. అద్దానికి అవతల నిలబడి పాడే చోటు, ఇవతల కంప్యూటరు, చిన్న కీబోర్డు, పాతకాలపు క్యాసెట్ మిషను.

అసలు పేరేమిటో గాని అందరూ అతన్ని ఎకో అంటారు. ఎదుటివాళ్ళ చివరి మాట మళ్ళీ అనడం అతని అలవాటు.

"మా అమ్మ," అన్నాడు భర్త.

"అమ్మ," అన్నాడు ఎకో, లేచి నిలబడి. "రండక్కా. ఈ గొంతు మీదేనా?"

"నాదే. క్యాసెట్టు ఇచ్చేయండి, వెళ్ళిపోతాం."

"వెళ్ళిపోదురు గాని. తీసుకోండి." మిషనులోంచి క్యాసెట్టు తీసి, చొక్కా అంచుతో తుడిచి రెండు చేతులా ఇచ్చాడు. అత్తగారు ఇంటి దగ్గర్నుంచి పట్టుకొచ్చిన ఖాళీ పెట్టెలో దాన్ని పెట్టి మూత నొక్కింది. "ఒక్కసారి విని వెళ్ళండక్కా. ఇంత పాత టేపులోంచి ఇంత శుభ్రంగా రావడం నేనూ చూడలేదు."

ఆమె వద్దనలేదు, సరేననలేదు. అతను మీట నొక్కాడు.

పాట మొదలైంది. కోడలికి రోజూ వినే పాటే గాని, ఇన్నాళ్ళూ అది ఒక్క మనిషి గొంతులోనే విన్నది. ఇప్పుడు ఆ గొంతు లేదు. వయొలిన్లు వచ్చి ఆగాయి, ఎవరో గదిలోకి వస్తారని అందరూ లేచి నిలబడినట్టు. ఎవరూ రాలేదు. పల్లవి ఉండాల్సిన చోట తబలా ఒక్కటే నడుస్తోంది.

కోడలు అత్తగారి వైపు చూడటానికి భయపడింది. చివరికి చూసింది.

అత్తగారు తల వంచి వింటోంది.

"తబలా ఇంత బాగా వాయించాడా ఆయన," అంది. "ఆ రోజు నాకేం వినపడలేదు. ఎక్కడ తప్పు పాడతానోనని నన్ను నేనే వింటున్నాను."

"వింటున్నాను," అన్నాడు ఎకో అలవాటుగా. నాలిక కరుచుకుని, "ఇదిగో, ఇక్కడ చూడండి. రెండో చరణం," అన్నాడు.

ఫ్లూట్ ఎత్తుకుంది. దాని వెనక, గోడకు అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు, ఒక ఆడగొంతు. మాటలు తెలియడం లేదు. కానీ ఉంది.

"నీడ అంటాం దీన్ని," అన్నాడు ఎకో. "ఇక్కడ మీ గొంతూ ఫ్లూటూ ఒకే స్వరం మీద కలిసి నడుస్తున్నాయి. గొంతు తీస్తే ఫ్లూటూ పోతోంది. ఫ్లూట్ ఉంచితే గొంతు ఉంటోంది. ట్రాక్‌లో మనిషి గొంతు వినపడితే ఆ ఆఫీసువాళ్ళు పక్కన పెట్టేస్తారు. పోయినసారి ఒకతనిది అలాగే తిప్పి పంపారు."

"రెండ్రోజులిచ్చాం కదయ్యా నీకు," అన్నాడు భర్త.

"రెండ్రోజులిచ్చావు, స్వరాలివ్వలేదు కదా. రెండూ తీసేసి ఆ ఫ్లూట్ ముక్క నేనే కీబోర్డు మీద వాయించి అతికిస్తాను. కానీ ఏం వాయించాలి? ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నాకు అందట్లేదు. ఇదేమైనా నీ లిఫ్టా, మీట నొక్కితే పైకీ కిందికీ పోవడానికి?"

"లిఫ్ట్ గురించి నీకేం తెలుసని?"

"నీకు పాట గురించి తెలిసినంత."

ఇద్దరూ మూతులు బిగించుకున్నారు. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. ఇక్కడి నుంచి ఆఫీసుకు ఇరవై నిమిషాలు. ఐదులోంచి ఇరవై తీసేస్తే నాలుగూ నలభై. కోడలు ఆ లెక్క వేయడం ఇది పదోసారి. ప్రతిసారీ ఒకటే వస్తోంది, అయినా వేస్తోంది.

ఆ స్వరాలు తెలిసిన మనిషి ఈ గదిలోనే ఉంది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, చిట్టి వేళ్ళు దానిమీద పడకుండా జరుపుతూ కూర్చుని ఉంది. అడగాలి. ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

"అత్తయ్యా," అంది కోడలు. "పొద్దున నేను అబద్ధం చెప్పాను. ఈయన తీస్తుంటే తలుపు దగ్గర నిలబడింది నేనే."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"అంతసేపు కడిగితే ఆ సీసా అరిగిపోతుంది." అత్తగారు మొదటిసారి ఆమె వైపు నేరుగా చూసింది. "ఇప్పుడడుగు."

"ఏంటత్తయ్యా?"

"అడగాల్సింది అడుగు. ఈసారైనా అడిగి తీసుకో."

కోడలు కీబోర్డు వైపు చూపించింది.

"ఆ ఫ్లూట్ ముక్క మీకు గుర్తుందా?"

"గుర్తుండకేం. దాన్ని పట్టుకునే కదా ఆ చరణం దాటాను."

ఆమె పెట్టెను కొడుకు చేతికిచ్చింది, చిట్టిని కోడలికిచ్చింది, స్టూలు కీబోర్డు దగ్గరికి జరుపుకుంది. కళ్ళు మూసుకుని నోరు మెదపకుండా ఆ ముక్కను వినపడేలా కూనిరాగం తీసింది. ఎకో వేళ్ళు వెతుక్కుంటూ వెనకే వెళ్ళాయి.

"అది కాదు. అక్కడ కొంచెం జారాలి."

"జారాలి," అన్నాడు ఎకో.

"అంత కాదు. మెట్టు తప్పినట్టు కాదు, చూసుకుని దిగినట్టు."

నాలుగుసార్లకు కుదిరింది. అతను పాత ముక్కను కత్తిరించి పారేసి, కొత్తది అతికించి, మొదట్నుంచి చివరిదాకా వేశాడు. గొంతు లేదు. నీడ లేదు. ఎక్కడా ఎవరూ లేరు. కోడలికి గుండె తేలికపడాల్సింది. పడలేదు.

"ఒకసారి పాడి చూసుకోమ్మా," అన్నాడు ఎకో. "ఇంకా టైముంది."

*

అద్దం అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడితే, బయట ఉన్నవాళ్ళు చేపల తొట్టెలో ఉన్నట్టున్నారు. భర్త ఒళ్ళో చిట్టి ఏడుస్తోంది. ఏడుపు వినపడటం లేదు, తెరుచుకున్న నోరు కనపడుతోంది. ఆకలి. రెండింటికి తాగాల్సింది.

పల్లవి బాగానే వచ్చింది.

*వానకన్నా ముందొచ్చావు, వాకిలింకా తడవలేదు...*

మొదటి చరణమూ దాటింది. రెండో చరణం దగ్గర ఫ్లూట్ అయిపోయిందనుకుని ఎత్తుకుంది. అవలేదు. ఇంకో సగం మిగిలుంది.

"మళ్ళీ," అన్నాడు ఎకో.

ఈసారి ఆగింది. మరీ ఆగింది. తబలా ముందుకెళ్ళిపోయింది, తను వెనక పరుగెత్తింది.

మూడోసారి అసలు ఎత్తుకోలేదు.

ఆమె బయటకొచ్చింది. "నాకు తెలియట్లేదు. ఇంట్లో ఎప్పుడూ తప్పలేదు. అత్తయ్య పాడుతుంటే వెనకాల పాడేదాన్ని."

"కంగారుపడకు," అన్నాడు భర్త.

"మీరు అలా అనకండి, ఇంకా కంగారొస్తుంది."

చిట్టిని లాక్కుని మూలకు వెళ్ళి, సీసా లేక, గోడవైపు తిరిగి తన పాలే ఇచ్చింది. పిల్ల ఆత్రంగా తాగుతోంటే తన గుండె కొట్టుకోవడం పిల్లకు వినపడుతుందేమో అనిపించింది.

"అక్కా," అన్నాడు ఎకో. "మీరొకసారి పాడి చూపించండి. ఎక్కడ ఎత్తుకోవాలో ఆ అమ్మాయికి తెలుస్తుంది."

"నేనా? గొంతెక్కడుంది నాకు? పిల్లని పడుకోబెట్టే గొంతిది."

"చూపించడానికేగా."

అత్తగారు కొడుకు వైపు చూసింది. కోడలి వైపు చూసింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, అద్దం అవతలికి వెళ్ళింది. హెడ్‌ఫోన్లు ఎవరూ చెప్పకుండానే ఒక చెవికి పెట్టుకుని రెండోది వదిలేసింది. మైకుకు జానెడు దూరంలో, కాస్త పక్కకు తిరిగి నిలబడింది. అక్కడ అలా నిలబడాలని కోడలికి తెలియదు. తను ఎదురుగా నిలబడి పాడింది.

వయొలిన్లు వచ్చి ఆగాయి. ఈసారి ఎవరో వచ్చారు.

ఆ గొంతు పిల్లను పడుకోబెట్టే గొంతు కాదు. అడుగున గరుకు ఉంది, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడింది, కానీ తెగలేదు. వాకిలి తడవలేదన్న మాట కోడలు ఎన్ని వందలసార్లు వినుంటుందో. అది ఎదురుచూసిన మనిషి మాట అని ఇప్పటిదాకా తట్టలేదు. రెండో చరణం దగ్గర అత్తగారు లెక్కపెట్టలేదు, తల ఊపలేదు. చిన్న ఊపిరి తీసుకుంది. ఎత్తుకుంది. అంతే.

భర్త నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తన తల్లి అని మరిచిపోయినట్టున్నాడు.

పాట అయిపోయింది. ఎకో చేయి మీట మీదే ఉంది. అతను ఏ మాటా అనలేదు. తిరిగి అనడానికి ఎవరూ ఏమీ అనలేదు.

అప్పుడు కోడలి ఫోను మోగింది.

"పాటల బృందం ఆఫీసు నుంచండి," అంది అవతలి గుమాస్తా గొంతు. "మీ ట్రాక్ ఇంకా రాలేదు."

"వస్తోందండీ. బయల్దేరుతున్నాం. నాలుగున్నరే కదా, ఐదులోపే తెచ్చేస్తాం."

"సరే. ఇంకో సంగతి. మీ ఫారంలో దరఖాస్తు చేసినవాళ్ళ పేరు దగ్గర మీ పేరు రాశారు. కింద పాడేవాళ్ళ పేరని ఇంకో గడి ఉంది. అది ఖాళీగా వదిలేశారు."

"రెండూ ఒకటే అనుకున్నానండీ."

"ఒకటి కాదమ్మా. పిల్లల తరఫున తల్లిదండ్రులు పెడతారు, శిష్యుల తరఫున గురువులు పెడతారు. అందుకే వేరే గడి. చెప్పండి, నేనే రాసేసుకుంటాను."

కోడలు నోరు తెరిచింది.

తొమ్మిదో తరగతి. ఎంతవరకు చదువుకున్నావని అడగని ఒకే ఒక్క ఉద్యోగం. ఈ పాట తప్పితే మరో పాట లేదు, ఈ ఆదివారం తప్పితే మరో ఆదివారం లేదు. రెండో చరణం ఇప్పుడు అర్థమైంది తనకు. దారిలో అనుకుంటూ పోతే, రెండ్రోజులు సాధన చేస్తే, ఆదివారానికి తప్పకుండా వస్తుంది. బాగానే వస్తుంది. బాగానే.

"హలో?"

"పాడేవాళ్ళకి వయసు ఇంత అని ఏమైనా ఉందాండీ?"

భర్త చటుక్కున తల తిప్పాడు.

"ఏం లేదమ్మా. ఎందుకు, మీ వయసెంత?"

"ఏంటి అడుగుతున్నావు?" అన్నాడు భర్త గొంతు తగ్గించి. "నీ పేరు చెప్పు. ఇంకేముంది అందులో?"

ఆమె వేలితో అతన్ని ఆగమంది. ఒళ్ళో చిట్టి పాలు చాలించి నిద్రలోకి జారుతోంది.

అద్దం అవతల అత్తగారు హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించింది. జుట్టు సర్దుకుంది. బయటకు రాలేదు. మైకు ముందే నిలబడి ఇటు చూస్తూ ఏదో అడిగింది. లోపలి మాట బయటికి రాకుండా ఎకో మైకు ఆపేశాడు. పెదవులు కదలడం ఒక్కటే కనపడింది. ఎక్కడ ఎత్తుకోవాలో తెలిసిందా అంటోందో, ఇంకోసారి పాడనా అంటోందో.

"లైన్లో ఉన్నారామ్మా? ఇంకా ఇద్దరికి ఫోన్ చేయాలి నేను."

"ఉన్నానండీ."

"మరి చెప్పండి."

"రాసుకోండి," అంది కోడలు, అద్దం అవతలి మనిషినే చూస్తూ.